కాయతొలుచు పురుగులపై బదనికలు: ఏ పంటకు ఏది నప్పుతుంది?

టమాటా కాయ మీద గుండ్రటి రంధ్రం కనిపించిన తరువాత ట్రైకో కార్డు (ట్రైకోగ్రామా అనే బుల్లి బదనిక పురుగు పెరుగుతున్న గుడ్లను అతికించిన అట్ట) కోసం బయలుదేరిన రైతు అప్పటికే వారం రోజులైనా ఆలస్యం చేసినట్లు లెక్క. ఆ కార్డు మీద ఉండే బదనిక, కాయను తొలిచే శనగపచ్చ పురుగును కాక దాని గుడ్డును మాత్రమే వెతుకుతుంది. గుడ్డు పగిలి పిల్ల పురుగు బయటికి రావడానికి 3, 4 రోజులు చాలు. ఆ పిల్ల పురుగు కొన్నాళ్లు లేత ఆకులను గీకి తిని, కాస్త బలిసిన తరువాతనే తలను కాయలోకి దూర్చి, సగం ఒళ్లు బయట ఉంచి తినడం మొదలుపెడుతుంది. రంధ్రం కనబడేసరికి ఆ తోటలో గుడ్డు బదనికకు పని మిగిలి ఉండదు. కార్డు పనిచేయలేదని చెప్పే రైతుల్లో చాలామంది చెప్పేది నిజమే. అయితే లోపం చాలాసార్లు కార్డులో కాక, ఎంచుకున్న రోజులోనో, ఎంచుకున్న పంటలోనో ఉంటుంది. ఈ రెండింటిలో పంట సంగతి గురించి ఎవరూ పెద్దగా చెప్పరు కాబట్టి ఇక్కడ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

బదనిక అంటే మరొక పురుగు ఒంటి మీదనో, ఒంటి లోపలనో, దాని గుడ్డులోనో తన సంతానాన్ని పెంచి చివరకు దానిని చంపే కీటకం. మామిడి చెట్టు కొమ్మను పట్టుకుని బతికే బదనిక మొక్కను చూసినవారికి ఈ పేరు ఎందుకు వచ్చిందో వేరుగా చెప్పనక్కర్లేదు. పట్టుపురుగులు పెంచే హిందూపురం, మడకశిర ప్రాంతాల రైతులకు ఊజీ ఈగ రూపంలో దీని స్వభావం బాగా తెలుసు. అక్కడ అది శత్రువు, కాయతొలుచు పురుగుల మీద పడే దాని బంధువులు మనకు మిత్రులు. అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు వంటివి దొరికిన మెత్తటి పురుగునల్లా తింటాయి కాని, బదనిక తనకు నప్పిన పురుగును, అదీ తనకు నప్పిన దశలోనే, తనకు నప్పిన మొక్క మీదనే పట్టుకుంటుంది. అందుకే పరభక్షక పురుగుల విషయంలో లేని ఎంపిక సమస్య బదనికల విషయంలో వస్తుంది.

ఏ దశలో పట్టుకుంటుంది?

మన ప్రాంతపు కాయతొలుచు పురుగులకు సంబంధించినంతవరకు బదనికలను మూడు తరగతులుగా చూడవచ్చు. గుడ్డులోనే చంపేవి మొదటివి. ట్రైకోగ్రామా జాతులు, టెలినోమస్ ఇందులోకి వస్తాయి. చిన్న లద్దెపురుగు మీద పడేవి రెండవవి. శనగపచ్చ పురుగు మీద క్యాంపొలిటిస్, వంగ మొవ్వు, కాయతొలుచు పురుగు మీద ట్రాథాలా ఈ కోవకు చెందినవి. బాగా ఎదిగిన లద్దెపురుగు మీద పడే బ్రాకాన్, టాకినిడ్ ఈగలు మూడవవి. గుడ్డు దశలో చంపితే కాయకు ఒక్క గాటు కూడా పడదు. చిన్న లద్దెపురుగును చంపితే ఆకుకు గీకుడు తప్ప పెద్ద నష్టం ఉండదు. ఎదిగిన పురుగును చంపితే మాత్రం ఈ కోతలో కాయ దక్కదు, తరువాతి తరం రెక్కల పురుగుల సంఖ్య తగ్గుతుంది. మార్కెట్లో పుచ్చు కాయను వేరుచేసి ధర కోసే కూరగాయలకు మూడవ తరగతిని నమ్ముకోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు. పొలంలో ఏడాది పొడవునా అదే పంట తిరిగి తిరిగి వేసేవారికి అయితే దానికీ ఒక విలువ ఉంది.

ఈ వరుసను చూసి ఎప్పుడూ గుడ్డు బదనికే మేలని తేల్చేయడం సులువు. శనగ, కంది చేలు ఆ తీర్పును తిప్పికొడతాయి.

శనగ చేనులో తెల్లవారుజామున నడిచినవారికి తడిసిన పంచె అంచు పుల్లగా ఉండటం తెలుసు. ఆ మొక్క నూగు నుంచి మాలిక్, ఆక్జాలిక్ ఆమ్లాలు ఊరుతాయి; పూర్వం రాత్రిపూట గుడ్డ పరచి, ఆ పులుపును మంచుతోపాటు పిండి మందుల్లో వాడేవారు. అర మిల్లీమీటరు పొడవుండే ట్రైకోగ్రామా ఆ ఆకు మీద నడవలేదు. కందిలోనూ ఇదే తంటా: పూత, కాయల మీది నూగు నుంచి వచ్చే జిగురులో అది చిక్కుకుపోతుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధనల్లో శనగ మీద శనగపచ్చ పురుగు గుడ్లకు ట్రైకోగ్రామా సోకడం దాదాపు లేదనీ, అదే పురుగు గుడ్లు జొన్న కంకి మీద ఉంటే బాగా సోకుతుందనీ తేలింది. పురుగు ఒక్కటే, గుడ్డు ఒక్కటే. మారినది మొక్క మాత్రమే. కాబట్టి ప్రకాశం, నంద్యాల జిల్లాల శనగ రైతుకు గాని, తాండూరు కంది రైతుకు గాని ట్రైకో కార్డు కొనమని నేను చెప్పను.

శనగలో ఆ చోటును క్యాంపొలిటిస్ తీసుకుంటుంది. ఇది సన్నని నడుముతో నల్లగా ఉండే చిన్న కందిరీగ వంటి పురుగు. తల్లి పురుగు మొదటి, రెండవ దశల్లోని బుల్లి లద్దెపురుగును వెతికి దాని ఒంట్లో ఒక గుడ్డు పెడుతుంది. లోపల పెరిగిన పిల్ల లద్దెపురుగు ఇంకా చిన్నగా ఉండగానే దాని పక్కను చీల్చుకుని బయటికి వచ్చి, అక్కడే ఆకుకు అంటుకుని చిన్న పట్టుగూడు కట్టుకుంటుంది. శనగ రెమ్మను తిప్పి చూసినప్పుడు బియ్యపు గింజంత గూడు, దాని పక్కన ఎండి ముడుచుకుపోయిన పురుగు తోలు కనిపిస్తే అది క్యాంపొలిటిస్ పని. చాలామంది రైతులు ఆ గూడును పురుగు గుడ్డు అనుకుని నలిపేస్తారు. నేనూ మొదట్లో నలిపినవాడినే. దీనిని కార్డుల మీద అమ్మేంత తేలికగా పెంచడం కుదరదు. కొనే వీలు లేదు కాబట్టి పిలిపించుకోవడమే మార్గం: శనగ వరుసల మధ్య ధనియాలు వేస్తే ఆ పూల తేనె కోసం క్యాంపొలిటిస్ వచ్చి చేరుతుంది, లద్దెపురుగుల మీద దాని దాడి పెరుగుతుంది. పూత సమయానికి ధనియాలు కూడా పూతకు వచ్చేలా విత్తుకోవాలి. పులుపు ఆకు దీనికి అడ్డు కాదు గాని, పూత దశలో చల్లే గాఢమైన పురుగు మందు దీనిని ముందుగా చంపుతుంది.

కందిలో అంత అదృష్టం కూడా లేదు. అక్కడ శనగపచ్చ పురుగు మీద ఎక్కువగా కనిపించేవి టాకినిడ్ ఈగలు. అవి ఎదిగిన పురుగు మీద పడతాయి కాబట్టి పురుగు కాయల్లోని గింజలు తినేసిన తరువాతనే చస్తుంది. కందికి బదనికలను ఎంచుకునే శ్రమ మాని, పక్షి స్థావరాలు, ఎన్‌పీవీ (లద్దెపురుగులకు రోగం తెచ్చి చంపే వైరస్) ద్రావణం, కొమ్మలు దులిపి పురుగులను ఏరడం వంటి వాటి మీద ఖర్చు పెట్టడం మంచిది.

టమాటా, బెండ, మిరప, వంగ

టమాటా ఆకు మీద కూడా నూగు ఉంటుంది, ట్రైకోగ్రామాకు అది కొంత ఇబ్బందే, అయినా శనగలో వలె దారి పూర్తిగా మూసుకుపోదు. శనగపచ్చ రెక్కల పురుగు టమాటాలో గుడ్లను పూగుత్తి దగ్గరి చిగురాకుల మీద, ఒక్కొక్కటిగా, బయటికి కనిపించేలా పెడుతుంది. ఇలా విడివిడిగా, కప్పు లేకుండా ఉన్న గుడ్డు ట్రైకోగ్రామాకు సరైన మేత. ఇక్కడ దొరికే జాతుల్లో కిలోనిస్, ప్రెటియోసమ్ అనే రెండింటి మధ్య ఎంచుకోవలసి వస్తుంది. కిలోనిస్ మన దేశపు జాతి, చాలాచోట్ల సులువుగా దొరుకుతుంది, చెరకు నుంచి పత్తి దాకా పలు పంటల్లో వాడతారు. ప్రెటియోసమ్ అమెరికా ఖండాల నుంచి వచ్చినది, టమాటాకు ప్రత్యేకంగా సిఫారసు చేసేది. దీనిలో ఆడ పురుగులే పుట్టే రకం ఉంది. గుడ్లు పెట్టేది ఆడదే కాబట్టి, ఒకే సంఖ్యలో విడుదల చేసినా అటువంటి రకంలో పనికివచ్చే పురుగులు ఎక్కువ. టమాటాకు రెండూ అందుబాటులో ఉంటే ప్రెటియోసమ్ తీసుకోండి. అది తాజాగా దొరక్కపోతే మాత్రం, నాలుగు రోజులు ప్రయాణం చేసి వచ్చే ప్రెటియోసమ్ కంటే పక్క ఊరి ప్రయోగశాలలో నిన్న తయారైన కిలోనిస్ మేలు.

మోతాదు విషయంలో టమాటాకు హెక్టారుకు వారానికి 50,000 చొప్పున, పూత మొదలైన నాటి నుంచి 5, 6 వారాలు అన్నది చాలాకాలంగా ఉన్న సిఫారసు. ఇది ఎకరాకు 20,000 అవుతుంది. ఒక ఘన సెంటీమీటరు గుడ్లు అతికించిన కార్డు మీద దాదాపు 16,000 నుంచి 20,000 దాకా ఉంటాయి కాబట్టి, ఎకరాకు వారానికి ఒక కార్డు అని గుర్తుంచుకుంటే సరిపోతుంది. బెండకు దీనికి రెట్టింపు, అంటే వారానికి రెండు కార్డులు కావాలి. బెండలో మచ్చల పురుగు గుడ్లు చిగుళ్లు, మొగ్గలు, లేత కాయల మీద చెదురుమదురుగా ఉంటాయి. వారానికోసారి ఎందుకంటే ట్రైకోగ్రామా జీవితచక్రం 8 నుంచి 10 రోజుల్లో ముగుస్తుంది, రెక్కలు వచ్చిన బదనిక కొద్ది రోజులే బతుకుతుంది, కాని కాయతొలుచు రెక్కల పురుగు గుడ్లు పెట్టడం పూత ఉన్నంతకాలం సాగుతుంది. ఖర్చు తగ్గుతుందని ఆరు వారాల కార్డులను రెండు విడతలుగా వదిలితే మధ్య వారాల్లో పెట్టిన గుడ్లన్నీ తప్పించుకుంటాయి.

టమాటాలో మరొక సదుపాయం ఉంది. 40 నుంచి 45 రోజుల వయసున్న పొడవు రకం బంతి నారును, 25 రోజుల టమాటా నారుతో కలిపి, 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతి చొప్పున నాటితే రెండూ ఒకేసారి పూతకు వస్తాయి, రెక్కల పురుగు బంతి మొగ్గల మీదికి ఎక్కువగా పోతుంది. కార్డు ముక్కల్లో కొన్నింటిని ఆ బంతి వరుసలోనే పెట్టడం నాకు నచ్చిన పద్ధతి, ఎందుకంటే గుడ్లు ఎక్కడ కుప్పపడతాయో బదనికను అక్కడే వదిలినట్లవుతుంది.

మిరపలో పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. గుంటూరు వైపు మిరప కాయను తొలిచేది శనగపచ్చ పురుగు ఒక్కటే కాదు, పొగాకు లద్దెపురుగు కూడా. మొదటిది విడి గుడ్లు పెడుతుంది, ట్రైకోగ్రామా సరిపోతుంది. రెండవది వందల గుడ్లను ఒకే ముద్దగా, పొరలుగా పెట్టి, తన ఒంటి మీది గోధుమ రంగు నూగుతో కప్పేస్తుంది. ఆ దుప్పటి కింది గుడ్లను ట్రైకోగ్రామా అందుకోలేదు. టెలినోమస్ రీమస్ అనే మరో గుడ్డు బదనిక ఆ ముద్దలోకి దూరగలదు. దీనిని పొగాకు లద్దెపురుగు గుడ్ల మీదనే పెంచాలి కాబట్టి ట్రైకో కార్డులంత విరివిగా, చవకగా దొరకదు. మిరప రైతు కార్డు కొనేముందు ఆకు అడుగును తిప్పి చూడాలి: నూగు కప్పిన ముద్దలు ఉంటే ట్రైకోగ్రామా మీద ఖర్చు వృథా. ఆ ఆకులను గుడ్లతో సహా తుంచి తీసేయడం అంతకంటే చౌక, ఎందుకంటే ముద్దగా ఉండటం వల్ల ఒక్క ఆకుతో వందల పురుగులు పోతాయి.

ఇక వంగ. నాకు అన్నింటికంటే ఆసక్తిగా అనిపించే పంట ఇది. మొవ్వు, కాయతొలుచు పురుగు గుడ్డును ఎక్కువగా ఆకు అడుగున ఒక్కొక్కటిగా పెడుతుంది. పగిలిన కొద్ది గంటల్లోనే పిల్ల పురుగు మొవ్వులోకో, కాయలోకో దూరిపోయి మరిక ఎదిగేదాకా బయటికి రాదు. అంటే బయట దొరికేది గుడ్డు దశలోనే, అదీ 3 నుంచి 5 రోజులు. కిలోనిస్ కార్డులను టమాటా మోతాదులోనే ఇక్కడ వాడతారు. బ్రాకాన్ ఇక్కడ ఎందుకు నప్పదో కూడా దీనిని బట్టి అర్థమవుతుంది: అది ఎదిగిన పురుగును కుట్టి స్పృహ తప్పించి, ఒంటి మీద గుడ్లు పెడుతుంది. కాయ నడుమ దాగిన పురుగు దాని సూదికి అందదు. శనగపచ్చ పురుగు సగం ఒళ్లు బయటపెట్టి తినే టమాటాలో దానికి కొంత అవకాశం ఉంది. బ్రాకాన్‌కు నిజంగా పేరు తెచ్చినది పశ్చిమాఫ్రికాలోని నైజర్ వంటి దేశాల సజ్జ చేలు. అక్కడ కంకిని తినే పురుగు మీదికి చిన్న గోనె సంచుల్లో వీటిని పెట్టి వదులుతారు. కంకిలో పురుగు పైపైనే తొలుచుకుంటూ పోతుంది, బ్రాకాన్ సూదికి అందుతుంది కనుక అక్కడ అది నెగ్గింది.

వంగలో కొనే బదనిక కంటే ముఖ్యమైనది కొనకుండా వచ్చేది. ట్రాథాలా అనే సన్నని బదనిక పొడవైన సూదితో మొవ్వు లోపలి పురుగును చేరుకోగలదు. దక్షిణాసియా దేశాల్లో వంగ మీద జరిగిన సమగ్ర సస్యరక్షణ ప్రయత్నాల్లో, పురుగు మందు ఆపి, వాలిన మొవ్వులు తుంచి, లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టేవి) పెట్టినచోట ఇది తనంతట తానే పెరిగి పనిచేసింది. మీ తోటలో ఇది ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. వాలిన మొవ్వులు పది, పదిహేను కోసి, గాలి ఆడేలా పలుచటి గుడ్డ కట్టిన డబ్బాలో నీడన ఉంచి, రెండు మూడు వారాలు రోజూ చూడండి. తెల్లటి రెక్కల మీద గోధుమ రంగు మచ్చలున్న చిన్న రెక్కల పురుగు వస్తే అది శత్రువు. సన్నటి నడుము, పొడవాటి మీసాలతో కందిరీగ పిల్లలా ఉన్నది వస్తే దానిని తీసుకువెళ్లి తోటలో వదిలేయండి. పది మొవ్వుల్లో రెండు, మూడింటి నుంచి అలాంటివి వస్తున్నాయంటే మీ డబ్బును కార్డుల మీద కాక, మందు చల్లకుండా ఓపిక పట్టడం మీద పెట్టవచ్చు.

కార్డు నాణ్యతను ఎలా తూచాలి?

మన దేశంలో ఎన్‌పీవీ, బీటీ (లద్దెపురుగులను చంపే బాక్టీరియా), ట్రైకోడెర్మా వంటి సూక్ష్మజీవి మందులకు 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. బదనికలకు అది అక్కర్లేదు. అందువల్ల కార్డు మీద ఏముందో, ఎప్పటిదో చూసుకునే బాధ్యత కొనేవారి మీదనే పడుతుంది. దుకాణంలో ట్రైకోగ్రామా అడిగితే ట్రైకోడెర్మా పొట్లం చేతిలో పెట్టిన సందర్భాన్ని నేను కళ్లారా చూశాను. అది వేరుకుళ్లు మీద వాడే శిలీంధ్రం, ఇది పురుగు. పేర్ల పోలికే తప్ప పనిలో ఏ పోలికా లేదు.

ట్రైకోగ్రామాను బియ్యపు రెక్కల పురుగు గుడ్ల మీద పెంచుతారు. ఆ గుడ్లను ముందుగా అతినీలలోహిత కాంతిలో ఉంచి పొదగకుండా చేస్తారు, లేకపోతే పుట్టిన పిల్ల పురుగులు పక్క గుడ్లను తినేస్తాయి. బదనిక సోకిన గుడ్డు మూడు, నాలుగు రోజులకు నల్లబడుతుంది, 7, 8 రోజులకు అందులోంచి బదనిక బయటికి వస్తుంది. కాబట్టి కార్డు చూడగానే మూడు సంగతులు తెలుస్తాయి. గుడ్లు తెల్లగా ఉంటే సోకలేదు. సమంగా నల్లగా, నిండుగా ఉంటే మంచిది. నల్ల గుడ్డు మీద భూతద్దంలో సూది మొనంత రంధ్రం కనిపిస్తే పురుగు ఎప్పుడో ఎగిరిపోయింది, మీరు కొంటున్నది డొల్ల మాత్రమే. ఒకసారి బస్సులో ఎండలో తెచ్చిన కార్డుల నుంచి చిన్న ముక్కను సీసాలో వేసి దూదితో మూసి ఉంచాను; మూడు రోజులైనా ఒక్క పురుగు రాలేదు. ఆ తరువాత నుంచి ప్రతి విడతలో ఒక ముక్కను ఇలా పక్కన పెట్టి, ఎన్ని బయటికి వచ్చాయో చూడటం అలవాటు చేసుకున్నాను. నూటికి 85 దాటి వస్తే మంచి కార్డు, సగమే వస్తే వచ్చే వారం వేరే చోట కొనాలి. వాన వల్లనో, పని వల్లనో విడుదల ఆగితే కార్డును ఫ్రిజ్ కింది అరలో 10 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఉంచవచ్చు. గడ్డకట్టే అరలో పెట్టకూడదు.

పొలంలో కార్డును ఒకే చోట వేలాడదీస్తే ప్రయోజనం లేదు. ట్రైకోగ్రామా ఎగిరే దూరం కొద్ది మీటర్లే కాబట్టి కార్డును చిన్న ముక్కలుగా కత్తిరించి ఎకరమంతా పది, పదిహేను చోట్ల, ఆకు అడుగున స్టేపుల్ పిన్నుతో గుచ్చాలి. ఉదయం పెందలాడే గాని, సాయంత్రం గాని ఈ పని చేయాలి. నడి మధ్యాహ్నపు ఎండలో, ముఖ్యంగా మే నెలలో, పైన పెట్టిన ముక్క మాడిపోతుంది. చీమలు ఎక్కువ ఉన్న గట్టు పక్క మొక్కలను వదిలేయండి, ఒక్క రాత్రిలో ముక్క మొత్తం ఖాళీ చేస్తాయి.

మందులతో పొంతన చూసుకోవడం తప్పనిసరి. సింథటిక్ పైరిథ్రాయిడ్లు, ఆర్గానోఫాస్ఫేట్లు అనే పురుగు మందులు బదనికలను నిలువునా చంపుతాయి. మిరపలో నల్లి, బూడిద తెగుళ్లకు చల్లే గంధకాన్ని సాధారణంగా ఎవరూ పురుగుమందుగా లెక్కించరు, కాని అది ట్రైకోగ్రామాకు హానికరమే. ఎన్‌పీవీ, బీటీ బదనికలను ఏమీ చేయవు, వేప మందులు చాలావరకు సహించదగ్గవి. బదనికల వంటి మిత్ర పురుగుల మీద పరిశోధించే బెంగళూరులోని జాతీయ సంస్థ ఒకప్పుడు ఎండోసల్ఫాన్ అనే పురుగు మందును తట్టుకునే కిలోనిస్ రకాన్ని ఎండోగ్రామ్ పేరుతో తయారుచేసింది. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను నిలిపివేయడంతో ఆ ప్రత్యేకతకు అవసరం లేకుండా పోయింది. మందును తట్టుకునే బదనిక ఉందని ఎవరైనా అమ్మజూపితే, ఏ మందును తట్టుకుంటుందో అడగండి. ఒక మందును తట్టుకున్నది మరొక దానికి చచ్చిపోవచ్చు.

ఇంత చూసిన తరువాత కూడా ఏది కొనాలో తేలకపోతే నేను చేసే పని ఇది. టమాటా, బెండ అయితే లింగాకర్షక బుట్టలో మొదటి రెక్కల పురుగులు పడిన రోజున, పూత కూడా మొదలై ఉంటే, మొదటి కార్డు పెడతాను. మిరప అయితే ఆకు అడుగు చూసి, విడి గుడ్లు ఉంటేనే కార్డు కొంటాను. వంగ అయితే డబ్బా పరీక్ష ముగిసేదాకా ఆగి, ట్రాథాలా కనిపించకపోతేనే కిలోనిస్ తెస్తాను. శనగ అయితే విత్తేరోజే ధనియాల గింజలు సంచిలో ఉన్నాయో లేదో చూసుకుంటాను. తోటలో ఇప్పటికే పుచ్చు కాయలు కనిపిస్తుంటే ఆ వారం బదనికల జోలికి పోను. పుచ్చు కాయలను కోసి దూరంగా పూడ్చి, ఎన్‌పీవీనో, బీటీనో సాయంత్రం చల్లి, బుట్టలో మళ్లీ రెక్కల పురుగులు పెరగడం మొదలైనప్పుడు కార్డుకు ఫోన్ చేస్తాను.